చెంపకు తెలిసేది

నిన్న మధ్యాహ్నం కొత్త సరుకు వచ్చింది. అట్టపెట్టె మీది టేపు కోసి, కార్ల పాలిష్ ప్యాడ్లు ఒక్కొక్కటే తీసి అరల్లో సర్దుతున్నాను. ఫోమ్‌వి ఒకవైపు, ఊలువి ఒకవైపు. మధ్యలో ఒక నల్లటి ఫోమ్ ప్యాడ్ చేతికి మరీ మెత్తగా తగిలింది. కవరు విప్పి కుడిచెంపకు ఆనించుకున్నాను. కళ్లు మూసుకుని కొంచెం నొక్కి చూశాను. బాగుంది, అన్నయ్యకు దాచాలి అనుకుని కింది అర మూలకు తోసేశాను. తోసేశాక గుర్తొచ్చింది, ఆ మూలలోంచి తీసుకుపోయే మనిషి లేడని.

మా ఆయన ఎదురుగా కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. నేను వంగినదాన్ని వంగినట్టే ఉండిపోవడం చూసి, లేచి వచ్చి, ఫ్యాను స్పీడు పెంచి వెళ్లి కూర్చున్నాడు. ఓదార్చడం ఆయనకు అంతవరకే వచ్చు.

మా కొట్టు ఉప్పల్ నుంచి నాచారం పోయే దారిలో ఉంది. కార్ల రంగులు, గరుకు కాగితాలు, టేపులు, పాలిష్‌లు, ప్యాడ్లు అమ్ముతాం. మా ఆయన సరుకు కోసం తిరుగుతాడు, కౌంటర్లో నేను కూర్చుంటాను. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లం. ఇన్నేళ్లయినా నా నోట్లోంచి ‘అండీ’ పోలేదు. అన్నయ్య మొదటిసారి కొట్టుకు వచ్చినప్పుడు కూడా "ఏం కావాలండీ" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు సెల్లె. అండీ అంటున్నవు గదా, నా ఎనుక ఎవరన్న పెద్దమనిషి నిలవడ్డడేమోనని సూసిన."

అలా నేను ఆయనకు చెల్లెలినయ్యాను. అడిగి అయింది కాదు, ఆయనే చేసేసుకున్నాడు.

చిల్కానగర్ మనిషి. ఆ చుట్టుపక్కల పొలాలున్న రోజులు చూసినవాడు. తాత జొన్న వేసిన చోట ఎవరిదో మూడంతస్తుల ఇల్లు లేచింది. ఆ ఇంటివాళ్ల కారుకు పాలిష్ పట్టింది కూడా ఈయనే. నాచారం పారిశ్రామికవాడలో కార్లు కడిగి మెరిపించే షెడ్డు ఒకటి ఉంది, అందులో మెషిన్ పాలిష్ పని ఆయనది. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు. రోజంతా బానెట్ల మీద వంగే మనిషి ఉత్తప్పుడు నిలబడినా ఆ వంపు పోదు కాబోలు.

బెల్టు బకిల్ ఎప్పుడూ బొడ్డు మీద ఉండేది కాదు, తుంటి మీద ఉండేది. కారుకు ఆనుకున్నప్పుడు గీత పడకుండా ఆ పనివాళ్లంతా అలాగే తిప్పుకుంటారు. కానీ ఈయన పెళ్లిళ్లకు కూడా అలాగే వచ్చేవాడు. ఇక్కడ కార్లేమున్నాయి అన్నయ్యా అంటే, "బయట పార్కింగుల ఉన్నయి గద" అనేవాడు. వాచీ, ఉంగరం, గొలుసు ఏవీ ఒంటి మీద ఉండేవి కావు. గుండీల చొక్కాలు కూడా మానేసి అన్నీ టీషర్టులే. గీతల్ని ఊరికే గీతలనేవాడు కాదు. ఇది ఉంగరం గీత, ఇది కొబ్బరిపీచు గీత, ఇది పిల్లి గీత అని పేరు పెట్టి చెప్పేవాడు. పిల్లి గీత అని ఎలా తెలుసు అని అడిగితే, దిగేటప్పుడు గోర్లు పెట్టి జారుతుందని చెప్పాడు. నిజమో, నన్ను ఆడిస్తున్నాడో ఇప్పటికీ తెలియదు.

కోపం కూడా బాగానే ఉండేది. ఉప్పల్లో ఫ్లైఓవర్ పనుల దుమ్ము రోజూ కార్ల మీద పేరుకుంటుంది కదా, దాన్ని పొడిగుడ్డతో తుడిచేవాళ్లను చూస్తే ఆయనకు ఆగేది కాదు. ఒకసారి మా కొట్టు ముందు ఎవరో అలాగే తుడుచుకుంటుంటే తాగుతున్న టీ గ్లాసు కౌంటర్ మీద పెట్టి వెళ్లి చేతిలో గుడ్డ లాక్కున్నాడు. నా కారు నా ఇష్టం అని ఆయన, దుమ్ములో ఇసుక ఉంటదని ఈయన. నేను వెళ్లి విడదీయాల్సి వచ్చింది. తిరిగొచ్చి చల్లారిన టీ తాగుతూ, "గింత మంచి రంగును గట్ల గీకుతడా మనిషి" అని చాలాసేపు గొణిగాడు.

ప్యాడ్లు కొనడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రంగు చెప్పి అడుగుతారు. ఆరెంజ్ ఇవ్వండి, పసుపు ఇవ్వండి అని. నాకు ఒళ్లు మండుతుంది. ఒక కంపెనీ ఆరెంజ్ లోతు గీతల్ని కోసేంత గట్టిది, ఇంకో కంపెనీ ఆరెంజ్ చివరి మెరుపు తెచ్చేంత మెత్తది. రంగు చూసి ప్యాడ్ కొనడమంటే కట్టుకున్న చీర చూసి ఆ ఇంట్లో కూర రుచి చెప్పడమే.

అన్నయ్య రంగు అడిగేవాడు కాదు. ఏ బండి వచ్చిందో చెప్పేవాడు. "తెల్లది సెల్లె, దాని రంగు బండరాయి లెక్కుంది." లేదంటే, "నల్లది. కండ్లతోని సూస్తెనే గీతలు వడ్తది." నేను నాలుగు రకాలు తీసి ముందు పెట్టేదాన్ని. ఒక్కొక్కటే తీసి కుడిచెంపకు ఆనించుకుని, కళ్లు మూసుకుని మెల్లగా తిప్పేవాడు. పాలిష్ డబ్బా ఇస్తే చెవి దగ్గర పెట్టుకుని కుదిపి, అడుగున పొడి పేరుకుందేమో వినేవాడు. కొట్లో ఉన్న మిగతా పనివాళ్లు నవ్వేవారు. "అన్న పౌడర్ ఏసుకుంటుండు, పెండ్లిసూపులున్నయా" అనేవారు. ఆయన కళ్లు తెరవకుండానే, "నవ్వుండ్రి, నవ్వుండ్రి" అనేవాడు.

వచ్చిన కొత్తలో ఇలా చేసేవాడు కాదు. అందరిలాగే బొటనవేలితో నొక్కి చూసేవాడు. ఎప్పుడు మారాడో నేను పట్టించుకోలేదు. వయసుతో వచ్చిన చాదస్తం అనుకున్నాను.

ఆయన ఊతపదం ఒకటుండేది. "ముందుగాల మెత్తదాంతోని అడగాలె." కారు రంగు మీద గాజులాంటి పల్చటి పొర ఉంటుంది. పాలిష్ పట్టిన ప్రతిసారీ అందులోంచి కొంచెం పోతుంది. పోయింది మళ్లీ రాదు. అందుకని ముందు బానెట్ మూల బెత్తెడు చోట, ఉన్నవాటిలో మెత్తటి ప్యాడ్‌తో, సన్నటి పాలిష్‌తో పట్టి, తుడిచి, వెలుగులో చూడాలి. గీతలు పోకపోతే ముందు పాలిష్ మార్చాలి. అప్పటికీ పోకపోతేనే గట్టి ప్యాడ్. షెడ్డు యజమానికి ఇదంతా ఆలస్యం. మొదటే ఊలు ప్యాడ్, గరుకు పాలిష్ పెట్టి దున్నేయమనేవాడు. అన్నయ్య తలూపి, తన పద్ధతే చేసేవాడు.

"మెత్తగ అడిగితె చాన మట్టుకు ఇంటయి సెల్లె. మనకే ఓపిక ఉండది. ఇంకోటి, గట్టిదాంతోని మాట్లాడినంక మల్ల మెత్తదాంతోని మాట్లాడాలె. లేకుంటె పొగ లెక్క మచ్చ ఉండిపోతది."

ఇవే మాటలు మనుషులకూ వాడేవాడు. మా ఆయనతో పోట్లాడి నేను మొహం ముడుచుకుని కూర్చున్న రోజు, చూడగానే పసిగట్టి, "మెత్తదాంతోని అడిగినవా, సీదా ఊలు ప్యాడేనా?" అన్నాడు. అంత కోపంలోనూ నవ్వు ఆపుకోలేకపోయాను.

ఒకసారి మా పాత కారును ఆయన చేతనే పాలిష్ పట్టిద్దామని షెడ్డుకు వెళ్లాను. మెషిన్ నడుస్తున్నంతసేపూ రంగు వేడెక్కుతుంది, మరీ వేడెక్కితే కాలిపోతుంది. అందుకని మధ్యమధ్యలో ఆపి చూసుకుంటారు. మిగతావాళ్లు చేతి వెనుకవైపు ఆనించి చూస్తున్నారు. అన్నయ్య మాత్రం మెషిన్ ఆపి, పక్కన పెట్టి, బానెట్ మీదికి వంగి చెంప ఆనించాడు. గోడకు చెవి పెట్టి విన్నట్టు కాసేపు అలాగే ఉన్నాడు. "సల్లగుంది. నడువొచ్చు" అని లేచి మళ్లీ మెషిన్ అందుకున్నాడు. పోచారం నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి నా పక్కనే నిలబడి, అంకుల్‌కి కార్లంటే ఎంత ప్రేమో చూడండి ఆంటీ అన్నాడు. నేనూ అవునన్నాను.

మా వైపు రాఖీ పెద్దగా లేదు. ఇక్కడికొచ్చాక ఈయన వల్లే నాకు అలవాటయింది. "సెల్లె అన్నంక రాఖీ కట్టవా?" అని నిలదీశాడు. మళ్లీ ఒక షరతు. పూసలుండొద్దు, రాళ్లుండొద్దు, జరీ ఉండొద్దు, బండికి గీతలు పడతాయి. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బండ్ల మీద అమ్మే రాఖీలన్నీ వెతికాను. తళుకు లేని రాఖీ ఒక్కటి దొరికితే ఒట్టు. చివరికి నేనే మెత్తటి నూలు దారాలు మూడు రంగులవి తెచ్చి జడలా అల్లాను. అప్పట్నుంచి ఏటా అదే. దసరా దాకా తీసేవాడు కాదు.

ఒక ఏడు రాఖీనాడు పొద్దున్నే వచ్చాడు. జల్లు పడుతోంది. బొట్టు పెట్టి, దారం కట్టి, వేళ్ల మధ్య పాలకోవా బిళ్ల పెట్టాను. ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. "గా బండి సూడు సెల్లె, డ్రైవర్ దిక్కు తలుపుకు రంగు తర్వాత ఏసిన్రు, తెలుస్తలేదా" అంటూనే చెయ్యి నోటి దగ్గరకు తీసుకెళ్లాడు. కోవా అప్పటికే జారి కౌంటర్ అద్దం మీద పడింది. వేళ్లు మాత్రం బిళ్లను పట్టుకున్నట్టే ఉన్నాయి. ఆ ఖాళీ వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు.

ఒక్క క్షణం ఆయనకు అర్థం కాలేదు. వేళ్లు చూసుకున్నాడు. కౌంటర్ మీది కోవా చూశాడు. నా మొహం చూశాడు. ఇద్దరం నవ్వలేదు.

నేను ఆయన చెయ్యి లాక్కుని చూపుడువేలి కొస మీద గోటితో గట్టిగా గిల్లాను.

"నొప్పిగా ఉందా?"

"ఏది?"

ఇంకా గట్టిగా గిల్లాను. ఎర్రటి గుర్తు పడింది. ఆయన నా గోటిని చూస్తున్నాడు, వేరే ఎవరి వేలో గిల్లుతున్నట్టు.

"ఎప్పట్నుంచి అన్నయ్యా?"

"యాదికి లేదు సెల్లె. మెషిన్ వట్టి వట్టి, గా అదురుకు మొదట్ల తిమ్మిరుండె. చలికాలం చేతి ఏళ్లు సున్నం లెక్క తెల్లగయితుండె. తర్వాత గా తిమ్మిరి గుడ పోయింది. పోతె మంచిగైందనుకున్న."

గుండీల చొక్కాలు ఎందుకు మానేశాడో అప్పుడు తెలిసింది. చెంప సంగతి కూడా. ప్యాడ్ మెత్తదనం వేళ్లకు తెలియదు, బానెట్ వేడి చేతికి తెలియదు. నేను చాదస్తమనుకున్నది, పోచారం అబ్బాయి ప్రేమనుకున్నది, ఆయనకు పని పోకుండా మిగిలిన ఒకే ఒక్క దారి.

డాక్టరుకు చూపించావా అంటే చూపించానన్నాడు. "మెషిన్ ఆపాలె అన్నడు. ఆపితె ముదరది, జర మంచిగ గుడ కావొచ్చన్నడు."

"మరి ఆపొచ్చు కదా?"

"ఏళ్లు మంచిగైతె ఏం జెయ్యాలె సెల్లె వాటితోని? మల్ల మెషినే గదా వట్టేది."

నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. బుద్ధుందా అన్నాను. ఇంట్లో ఆడపిల్లను పెట్టుకుని ఇదేం మొండితనం అన్నాను. రేపు అన్నం కలుపుకోవడానికి కూడా చేతులు పనికిరాకుండా పోతే ఎవరు తినిపిస్తారని అడిగాను. అంతా విన్నాడు. చివర్లో, "సీదా ఊలు ప్యాడే దీసినవు" అన్నాడు మెల్లగా. నేను ఏడ్చేశాను.

ఆయన కోవాను అరచేతితో తోసి కౌంటర్ అంచు నుంచి ఇంకో అరచేతిలోకి దొర్లించుకుని, వంగి అక్కడ్నుంచే తిన్నాడు. తిని అన్నాడు, "ఎవరికి జెప్పకు. సేటుకు తెలిస్తె నన్ను కడుగుడు పనికి ఏస్తడు. ఇంట్లయితె అసలే తెల్వొద్దు. మీ వదినె నా చేతులు జూసుకుంట కూసుంటది ఇగ. ఒట్టేయి."

ఒట్టేశాను.

మరుసటి వేసవిలో ఆ పోచారం అబ్బాయో, అలాంటి ఇంకో అబ్బాయో అన్నయ్యను వీడియో తీశాడు. బానెట్ మీద చెంప పెట్టి కళ్లు మూసుకున్న వీడియో. కారుతో మాట్లాడే అంకుల్ అని పేరు పెట్టి పాట కలిపితే అది అందరి ఫోన్లలోకీ పోయింది. షెడ్డు యజమాని ఎగిరి గంతేశాడు. గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు, ఎర్ర కారు మీద అన్నయ్య చెంప. నాగోల్ నుంచి, ఇంకా దూరం నుంచి జనం వచ్చి, మా బండి మీద కూడా ఒకసారి పెట్టండి అంకుల్ అని ఫోన్లు పట్టుకుని నిలబడేవారు. ఏది దాచుకోవడానికి అలా చేశాడో, దాన్నే గేటుకు వేలాడదీశారు. వద్దనడానికి లేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు.

"ఎండల నిలవెట్టిన బండి మీద గుడ పెట్టుమంటున్నరు సెల్లె" అని నవ్వుతూ చెప్పాడు నాతో. నవ్వే విషయం కాదని ఇద్దరికీ తెలుసు.

మే నెలలో ఒకరోజు కుడిచెంప మీద కాలిన మందు పూసుకుని వచ్చాడు. నల్ల కారట, మధ్యాహ్నం దాకా ఎండలో ఉందట, ఒక్క ఫోటో అన్నారట. కంటి కింద రూపాయి బిళ్లంత చర్మం ఊడింది. నేను తిట్టడానికి నోరు తెరిచేలోగా, "ఫినిషింగుకు మెత్తది గావాలె" అన్నాడు. రెండు తీసి పెట్టాను. ఒకటి అలవాటుగా కుడిచెంప దాకా తీసుకెళ్లి, తగలగానే మొహం చిట్లించి దించేశాడు. ఎడమచెంపకు ఆనించుకున్నాడు. తిప్పాడు. రెండోది ఆనించుకున్నాడు. మళ్లీ మొదటిది.

"దీనికి తెలుస్తలేదు సెల్లె. దీనికి అలవాటు లేదు."

ఆ రెండు ప్యాడ్లనీ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. తర్వాత రెండూ నా వైపు జరిపాడు.

"నువ్వు జూసి జెప్పు."

ఇన్నేళ్లుగా ప్యాడ్లు అమ్ముతున్నాను, ఒక్కటీ మొహానికి ఆనించుకున్నది లేదు. ఆనించుకున్నాను. ఆయనలాగే కళ్లు మూసుకున్నాను. మొదట రెండూ ఒకటే అనిపించింది. తర్వాత తేడా తెలిసింది.

"ఇది అన్నయ్యా."

"ఎంత మెత్తగుంది?"

"ఇడ్లీ అంత."

"హోటల్ ఇడ్లీనా, నువ్వు జేసే ఇడ్లీనా?"

"నేను చేసే ఇడ్లీ."

"గట్లయితె గట్టిదే. ఇంకోటి సూడు."

నవ్వాం. నవ్వుతూనే ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. కాలిన చోట కన్నీళ్లు తగిలితే మండుతుంది కదా, మండితే ఆయనకు తెలుస్తుంది.

అప్పట్నుంచి ఆయన ప్యాడ్లు నేనే చూసేదాన్ని. సరుకు రాగానే చెంపకు పెట్టి, మెత్తటివి కింది అర మూలకు తోసి ఉంచేదాన్ని. కాలిన గాయం మానింది, అయినా నన్నే చూడమనేవాడు. ఆ ఏటి రాఖీకి కోవా వేళ్లకు ఇవ్వలేదు, నేనే నోట్లో పెట్టాను. ఆ రోజే అన్నాడు, "చేతి కంటె సెంప నయం సెల్లె. ఇన్నేండ్లు ఉత్తగ చేతులను నమ్ముకున్న. సెంపతోని సూస్తె బండి వేరే తీరుంటది. మనిషి గుడ వేరే తీరుంటడు." మనిషి సంగతి ఎందుకొచ్చిందో నేను అడగలేదు.

మా ఆయనతో మాట్లాడాను. అన్నయ్యను మా కొట్లోనే కూర్చోబెట్టుకుందాం అన్నాను. ఏ బండికి ఏ ప్యాడో వచ్చినవాళ్లకు చెప్తాడు, మెషిన్ పట్టే పని ఉండదు. మా ఆయన వెంటనే సరేనని, మర్నాడే ఆఫీసుల్లో ఉండే తిరిగే కుర్చీ ఒకటి కొని తెచ్చి కౌంటర్ పక్కన పెట్టాడు. అన్నయ్య వచ్చి దాని మీద కూర్చుని అటూ ఇటూ తిరిగి చూశాడు. నచ్చింది, మొహంలో తెలుస్తోంది. బెల్టు బకిల్ కుర్చీకి తగిలి చప్పుడైతే, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు సర్దుకున్నాడు.

"రేపట్నుంచి వచ్చేయ్ అన్నయ్యా."

"దసరా ఎల్లనియ్యి. పండుగకు అందరి బండ్లు మెరవాలె గద, గిప్పుడు ఇడిసిపెట్టి వస్తె మంచిగుండది. దసరా తెల్లారి వస్త."

దసరా ముందు ఆ షెడ్లలో ఊపిరాడదు. పూజకు బండి తళతళలాడాలని అందరూ ఒక్కసారే వస్తారు. ఆ గడబిడలోనే ఒక సాయంత్రం షెడ్డులో పనిచేసే ఒకతను నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, అన్న..." అని ఆగిపోయాడు. "మెషిన్ బందు జేసి పక్కకు వెట్టిండక్కా. బానెట్ మీద సెంప ఆనిచ్చిండు. రోజు జేసేదే గదా. వేడి సూస్తుండనుకున్నం."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"కస్టమర్ గుడ ఫోన్ వట్టుకొని నిలవడ్డడు. మేం గుడ నిలవడ్డం. జర సేపైనా లేస్తలేడు. పిలిస్తె పలుకుతలేడు. వేడి సూస్తుండనే అనుకున్నమక్కా."

దవాఖానాకు తీసుకుపోయేసరికే ప్రాణం పోయిందన్నారు. గుండె అట. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నేను అక్కడ ఉన్నా అలాగే నిలబడి చూసేదాన్ని, ఇప్పుడు లేచి సల్లగుంది అంటాడని.

చిల్కానగర్లో ఆయన ఇంటికి మొదటిసారి ఆ రోజే వెళ్లాను. సందులో టెంటు వేసి, దాని కింద ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. నేల ఎగుడుదిగుడుగా ఉందని పెట్టె కాళ్ల కింద ఏవో పెట్టి సరిచేశారు. వంగి చూస్తే అవి పాత ప్యాడ్లు, మా కొట్టువే. ఒకసారి కింద పడ్డ ప్యాడ్‌ను మళ్లీ బండి మీద పెట్టేవాడు కాదు, ఇసుక పట్టి ఉంటుందని ఇంటికి తెచ్చేసేవాడు. పెట్టె మోటారు వణుకుతోంది. ఆ వణుకు ప్యాడ్లలోకి పోతోంది. అద్దంలోంచి ఆయన చెయ్యి కనిపించింది. మణికట్టుకు నేను కట్టిన దారం ఉంది, పాలిష్ పట్టి రంగంతా పోయి తెల్లబడింది.

వదిన పెట్టె పక్కన నేల మీద కూర్చుని ఉంది. పెళ్లిళ్లలో చూసిన పరిచయంతో నన్ను గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. కాసేపు ఏడ్చింది. తర్వాత ఏడుపు లేకుండా, ఇంటి మాటలు చెప్తున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది.

"మీ అన్న ఎన్కట గిట్ల లేకుండె వదినె. పెండ్లయిన కొత్తల బయట నా చెయ్యి గుడ వట్టుకోకపోతుండె, సిగ్గు. నాతోని పెద్దగ మాట్లాడకపోతుండె. కొన్నేండ్ల సంది మస్తు మారిండు. పనికి పోయేముందు నా సెంపకు సెంప ఆనిచ్చి పోతుండె. పిల్లకు జరమొస్తె అందరు చెయ్యి వెట్టి సూస్తరు గదా, ఈయన నొసలు మీద సెంప వెట్టి సూస్తుండె. పిల్ల పండుకుంటె గుడ, దాని చేతికి సెంప ఆనిచ్చుకొని అట్లనే కూసుంటుండె. గీ వయసుల గింత ప్రేమేందయ్యా అని నేను నవ్వుతుంటి."

మనిషి గుడ వేరే తీరుంటడు అని రాఖీనాడు అన్నయ్య అన్న మాట చెవిలో తిరుగుతోంది.

"నా బతుకుల గీ కొన్నేండ్లే మంచిగున్నయి వదినె" అంది వదిన. "నీతోని అన్ని జెప్పుకునేటోడు గదా. ఎందుకట్ల మారిండో నీకేమన్న జెప్పిండా?"

నా వైపే చూస్తోంది. చెప్పడానికి నా దగ్గర అంతా ఉంది. వేళ్లు, తిమ్మిరి, కోవా, డాక్టరు. చెప్తే ఆమెకు మిగిలిన ఆ కొన్నేళ్లలో నేనేం ఉంచుతానో నాకు తెలియదు. అయినా ఆ చెంపకు తెలిసిందంతా ఒట్టి వేడీ చల్లదనమేనా, ఆ సంగతి నాకు మాత్రం ఏం తెలుసు.

"లేదు వదినా" అన్నాను. "కారణం ఏముంటుంది. మీరంటే ఇష్టం, అంతే."

వదిన తలూపింది. ఆ మాట ఆమెకు ముందే తెలుసు, ఇంకొకరి నోట వినాలనుకుంది. మోకాళ్ల మీద లేచి, ఫ్రీజర్ పెట్టె మీదికి వంగి, ఆయన మొహం ఉన్నచోట అద్దానికి చెంప ఆనించింది. కళ్లు మూసుకుని అలాగే ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు ఎత్తబోతే నేను ఆపాను.

"సల్లగున్నది" అంది.

నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. ఆమె వెక్కిళ్లు ఒక్కొక్కటీ నా వేళ్లకు తెలుస్తున్నాయి.